పూత ఉంది కదా అని ఊరుకోవచ్చా?



కొన్ని నెలల క్రితం మగవారి వార్డులో ఒక పెద్దాయనను చేర్చుకున్నాము. పెరట్లో జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయిన మరునాడు ఆయన కొడుకు మా డ్యూటీ గదికి వచ్చి ఇలా అడిగాడు: "సిస్టరమ్మగారూ, నాన్నకు వేసిన మూత్రం పైపు మామూలుదా, పూత ఉన్నదా? పూత ఉన్నదైతే ఇన్ఫెక్షన్ రాదంట కదా. ఖరీదైనా పర్లేదు, అదే వేయండి. ఇంటికి వెళ్ళాక కూడా ఒక నెల ఉంచేద్దాం. రాత్రిపూట అమ్మ ఒక్కతే ఆయన్ని లేపలేదు."

ఆ మాటలో తండ్రి మీద ప్రేమ ఉంది, తల్లి మీద జాలి ఉంది. సగం నిజం కూడా ఉంది. మిగతా సగమే ప్రమాదం. ఇలాంటి ప్రశ్నలు ఈ మధ్య మాకు తరచుగా ఎదురవుతున్నాయి. పూత వేసిన కాథెటర్, పూత వేసిన స్టెంట్, కంటిలో పెట్టే లెన్సు అని అందరూ వింటున్నారు. ఆ పూత ఏమిటి, అది ఏం చేస్తుంది, ఏం చేయలేదు అనే సంగతి మాత్రం తీరికగా చెప్పేవారు తక్కువ. అందుకే ఈ సంచికలో ఆ విషయం కొంత వివరంగా రాస్తున్నాము.

అంటుకోవడం ఎలా మొదలవుతుంది?

చెరువు మెట్ల మీద పాచి పట్టడం మనందరం చూసిందే. కొత్తగా కట్టిన రాతిమెట్లు మొదట్లో గరుకుగా, శుభ్రంగా ఉంటాయి. కొన్నాళ్ళకు కంటికి కనబడని పలచని పొర ఏర్పడుతుంది. దాని మీద పాచి నిలదొక్కుకుంటుంది. ఆ తరువాత ఎంత నీరు పోసినా అది కదలదు, కొబ్బరిపీచు పెట్టి రుద్దవలసిందే.

మన శరీరంలో పెట్టిన గొట్టం మీద, లోహపు జాలీ మీద, ప్లాస్టిక్ లెన్సు మీద జరిగేది కూడా దాదాపు ఇదే. ఒక వస్తువు రక్తానికి తగిలిన కొద్ది క్షణాల్లోనే రక్తంలోని ప్రోటీన్లు దాని మీద పేరుకుంటాయి. ఆల్బుమిన్, ఫైబ్రినోజెన్, ఫైబ్రోనెక్టిన్ వంటివి వాటిలో ముఖ్యమైనవి. తరువాత అక్కడికి వచ్చే కణాలు అసలు ప్లాస్టిక్‌ను గాని లోహాన్ని గాని ముట్టుకోవు, ఈ ప్రోటీన్ల పరుపునే పట్టుకుంటాయి. ఆ పరుపులో ఏ ప్రోటీన్లు ఉన్నాయి, అవి ఎలా పడుకుని ఉన్నాయి అన్నదాన్ని బట్టే ఏ కణం అక్కడ ఆగుతుందో, ఏది జారిపోతుందో నిర్ణయమవుతుంది. ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉన్నచోట ప్లేట్‌లెట్లు గుమిగూడతాయి, రక్తం గడ్డకట్టడం మొదలవుతుంది.

మన కణాల పైభాగాన పట్టుకోవడానికి వేళ్ళ వంటి ప్రోటీన్లు ఉంటాయి. వాటిని ఇంటెగ్రిన్లు అంటారు. ఫైబ్రోనెక్టిన్‌లో ఈ వేళ్ళు పట్టుకునే చోటు చాలా చిన్నదని, అందులో ముఖ్యమైన భాగం మూడు అమైనో ఆమ్లాల వరుస మాత్రమేనని 1984లో శాస్త్రవేత్తలు కనుగొన్నారు. అంత పెద్ద ప్రోటీన్‌లో అంత చిన్న పిడి. ఆ పిడిని దొరకకుండా చేస్తే కణం అంటుకోదు. ఆ పిడిని మనమే తయారుచేసి ఒక ఉపరితలం మీద అమర్చితే, ముందు అంటుకోని కణం అక్కడ అంటుకుంటుంది. ఇప్పటి పూతల శాస్త్రంలో చాలా భాగం ఈ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

బాక్టీరియా పద్ధతి కొంచెం వేరు. అవి తమ మీద ఉండే సన్నని నూగుతో ముందు తాత్కాలికంగా అతుక్కుంటాయి. ఆ దశలో కడిగితే పోతాయి. చోటు నచ్చితే అవి సంఖ్య పెంచుకుని, తమ చుట్టూ జిగురు వంటి పదార్థాన్ని స్రవించి, అందులో కాపురం పెడతాయి. దీన్నే బయోఫిల్మ్ అంటారు. ఉదయం పళ్ళ మీద నాలుకకు తగిలే జిడ్డు పొర కూడా ఒక బయోఫిల్మే. ఆ జిగురు లోపల ఉన్న బాక్టీరియాకు యాంటీబయాటిక్ సరిగా పనిచేయదు. మామూలుగా చంపే మోతాదుకు ఎన్నో రెట్లు ఎక్కువ ఇచ్చినా కొన్ని మిగిలిపోతాయి. అందుకే ఇన్ఫెక్షన్ వచ్చిన గొట్టాన్ని లోపలే ఉంచి ఇంజెక్షన్లు మాత్రమే ఇస్తూపోతే జ్వరం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. గొట్టం మార్చాలని డాక్టర్లు అనడానికి కారణం ఇదే.

పూత చేసే పనులు మూడు

పాలిమర్ అంటే చిన్న అణువులు పూసల దండలా ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన పొడవాటి గొలుసు. ప్లాస్టిక్, రబ్బరు, నైలాను, పత్తిలోని సెల్యులోజు అన్నీ పాలిమర్లే. వైద్య పరికరాల మీద వాడే పాలిమర్ పూతలు స్థూలంగా మూడు రకాల పనులు చేస్తాయి.

మొదటి రకం, దేన్నీ అంటనివ్వని పూత. బెండకాయ కోసినప్పుడు వచ్చే జిగురును గుర్తు తెచ్చుకోండి. అది పొడవాటి గొలుసుల పదార్థం, తన నిండా నీరు పట్టి ఉంచుకుంటుంది, అందుకే వేలు జారిపోతుంది. పాలిఇథిలీన్ గ్లైకాల్ అనే పాలిమర్, హైడ్రోజెల్ పూతలు, పి.వి.పి. అనే పాలిమర్ పూత ఇదే సూత్రం మీద పనిచేస్తాయి. వాటి గొలుసులు నీటిని గట్టిగా పట్టుకుని ఉపరితలం మీద ఒక నీటి తెరను నిలుపుతాయి. ప్రోటీన్ అక్కడ కూర్చోవాలంటే ఆ నీటిని పక్కకు నెట్టాలి, అది అంత సులభం కాదు. ప్రోటీన్ కూర్చోకపోతే కణానికి పరుపు లేదు.

రెండవ రకం, మందును దాచుకుని మెల్లగా విడిచే పూత. పాలిమర్ ఇక్కడ గిడ్డంగి వంటిది. వెండి, యాంటీబయాటిక్, కణాల పెరుగుదలను ఆపే మందు వంటివి అందులో కలిపి పూస్తారు. రోజుల తరబడి లేదా నెలల తరబడి మందు కొద్దికొద్దిగా బయటకు వస్తుంది.

మూడవ రకం, మనకు కావలసిన కణాన్ని మాత్రమే రమ్మని పిలిచే పూత. ఇది అన్నిటికంటే కష్టమైనది. దీని సంగతి చివర చెబుతాము.

మూత్రం గొట్టం సంగతి

బెలూన్ ఉన్న ఫోలే కాథెటర్ 1930ల నుంచి వాడుకలో ఉంది. అమెరికా యూరాలజిస్టు ఫ్రెడరిక్ ఫోలే పేరు మీద దానికి ఆ పేరు వచ్చింది. ఇప్పుడు వార్డులో మేము వాడే వాటిలో రబ్బరు గొట్టానికి సిలికాన్ లేదా టెఫ్లాన్ పూసినవి, హైడ్రోజెల్ పూసినవి, పూర్తిగా సిలికాన్‌తోనే చేసినవి ఉన్నాయి. టెఫ్లాన్ పూసినవి సాధారణంగా నాలుగు వారాల వరకు, హైడ్రోజెల్ పూసినవి, పూర్తి సిలికాన్‌వి పన్నెండు వారాల వరకు వాడటానికి తయారవుతాయి. ప్యాకెట్ మీద ఎంతకాలమో రాసి ఉంటుంది. అది ఎక్కువలో ఎక్కువ గడువు. అన్ని రోజులు ఉంచమని దాని అర్థం కాదు.

ఈ పూతల వలన మేలు తప్పకుండా ఉంది. గొట్టం మృదువుగా లోపలికి వెళుతుంది, మూత్రనాళం ఒరుసుకుపోదు, రోగికి మంట తక్కువ. వెన్నుపూస దెబ్బతిన్నవారు రోజుకు నాలుగైదు సార్లు తామే గొట్టం వేసుకుని మూత్రం తీసి వెంటనే తీసివేస్తుంటారు. వారి కోసం నీటిలో తడపగానే జారుడుగా మారే పి.వి.పి. పూత గొట్టాలు 1980ల నుంచి వాడుకలో ఉన్నాయి. అలాంటివారికి ఆ పూత నిజంగా పెద్ద ఉపకారం.

మరి ఇన్ఫెక్షన్ సంగతి ఏమిటి? గొట్టం లోపల ఉన్న ప్రతి రోజూ, వంద మందిలో మూడు నుంచి ఏడుగురి మూత్రంలోకి కొత్తగా బాక్టీరియా చేరుతుందని అంచనా. నెల రోజులు ఉంచితే దాదాపు అందరిలోనూ చేరుతుంది. చేరిన ప్రతివారికీ జబ్బు చేయదు గాని, కొందరికి చలిజ్వరం వస్తుంది, వృద్ధులలో రక్తంలోకి పాకి ప్రాణం మీదకు రావచ్చు. దీన్ని ఆపాలనే వెండి పూత, నైట్రోఫ్యూరల్ అనే మందు కలిపిన గొట్టాలు తయారుచేశారు. ఇంగ్లండు తదితర ప్రాంతాల ఆసుపత్రులలో ఏడు వేల మందికి పైగా రోగుల మీద, కొద్ది రోజులు మాత్రమే గొట్టం అవసరమైన వారి మీద, వీటిని పరీక్షించారు. ఫలితాలు 2012లో లాన్సెట్ అనే వైద్యపత్రికలో వచ్చాయి. వెండి పూత గొట్టం వలన, లక్షణాలతో కూడిన ఇన్ఫెక్షన్ చెప్పుకోదగినంత తగ్గలేదు. మందు కలిపినదానితో తగ్గిందిగాని చాలా స్వల్పంగా, దానితో అసౌకర్యం మాత్రం ఎక్కువైంది.

ఎందుకు ఇలా? పాచి సంగతి మళ్ళీ గుర్తు చేసుకుందాం. మూత్రంలోని ప్రోటీన్లు, లవణాలు పూత మీదే పొరగా పరుచుకుంటాయి. అప్పుడు బాక్టీరియాకు తగిలేది పూత కాదు, ఆ పొర. పూతలో దాచిన మందు కొన్నాళ్ళకు అయిపోతుంది. ప్రోటియస్ అనే బాక్టీరియా మరీ మొండిది. మూత్రంలోని యూరియాను అమ్మోనియాగా మార్చి క్షారగుణం పెంచుతుంది, దానితో సున్నపు పెచ్చుల వంటి స్ఫటికాలు ఏర్పడి గొట్టం పూడుకుపోతుంది. ఏ పూత కూడా దీన్ని చాలాకాలం ఆపలేకపోయింది. ఇక బాక్టీరియా లోపలికి వచ్చే దారులు రెండు. ఒకటి గొట్టం బయటివైపు శరీరాన్ని ఆనుకుని, రెండవది బ్యాగు నుంచి గొట్టం లోపలి దారిన పైకి. ఈ రెండు దారుల దగ్గరా కాపలా ఉండేది పూత కాదు, మన చేతులు.

పూత వలన దొరికేది కొంత గడువు. గొట్టం తీసివేస్తే బాక్టీరియా పట్టుకోవడానికి చోటే ఉండదు. అందుకే మా వార్డులలో ప్రతి ఉదయం రౌండ్లలో ప్రతి గొట్టం దగ్గరా ఆగి, "ఇది ఈ రోజు ఇంకా అవసరమా?" అని అడుగుతాము. ఆ ప్రశ్న మీరు కూడా మమ్మల్ని అడగవచ్చు. మేము ఏమీ అనుకోము.

గుండెలోని స్టెంట్ సంగతి

గుండె రక్తనాళం సన్నబడితే బెలూన్‌తో వెడల్పు చేయడాన్ని 1977లో జూరిక్‌లో ఆండ్రియాస్ గ్రుంట్జిగ్ మొదలుపెట్టారు. వెడల్పు చేసిన నాళం మళ్ళీ మూసుకుపోకుండా లోహపు జాలీని నిలబెట్టడం 1986లో మొదలైంది. ఆ జాలీయే స్టెంట్. హైదరాబాదులో 1990లలో డాక్టర్ బి. సోమరాజు, శాస్త్రవేత్త ఎ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ఖర్చులో రూపొందించిన కలాం–రాజు స్టెంట్ గురించి మన పెద్దవారిలో చాలామంది వినే ఉంటారు.

పూత లేని స్టెంట్లతో ఒక చిక్కు ఉండేది. నాళం గోడలోని కండర కణాలు ఆ లోహాన్ని గాయంగా భావించి, దాని సందుల్లోంచి పెరిగి లోపలి దారిని మళ్ళీ ఇరుకు చేసేవి. వంద మందిలో ఇరవై, ముప్పై మందికి కొన్ని నెలల్లోనే ఇలా జరిగేది. దీనికి విరుగుడుగా సిరోలిమస్ అనే మందును పాలిమర్‌లో కలిపి స్టెంట్ మీద పూశారు. 1964లో పసిఫిక్ మహాసముద్రంలోని ఈస్టర్ దీవికి వెళ్ళిన కెనడా బృందం తెచ్చిన మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందు పుట్టింది. దాన్ని వెలికితీసిన బృందానికి నాయకుడు, అవిభక్త భారతదేశంలో పుట్టి కెనడాలో పనిచేసిన సురేంద్ర నాథ్ సెహగల్. మందు పూసిన స్టెంట్‌ను మనుషులలో మొదట 1999లో బ్రెజిల్‌లో వాడారు. అమెరికా ప్రభుత్వం 2003లో అనుమతించింది. పూత మందం కొన్ని మైక్రాన్లు మాత్రమే, మన తలవెంట్రుకలో చిన్న వంతు. అంత పలచని పూతతో నాళం తిరిగి మూసుకుపోవడం బాగా తగ్గింది.

కాని ఒక సంగతి ఆలస్యంగా బయటపడింది. ఆ మందు అక్కరలేని కండర కణాలను ఆపడంతో పాటు, మనకు కావలసిన కణాలను కూడా ఆలస్యం చేస్తుంది. రక్తనాళం లోపల నున్నని అస్తరు వంటి పొర ఉంటుంది, దాన్ని ఎండోథీలియం అంటారు. స్టెంట్ తీగలను ఈ పొర కప్పేస్తే రక్తానికి అది సొంత గోడలాగే కనిపిస్తుంది, గడ్డకట్టదు. పూత లేని స్టెంట్ మీద ఈ పొర త్వరగా పాకుతుంది. మందు పూసిన దాని మీద నెలల తరబడి ఆలస్యమవుతుంది. మరణించిన కొందరి గుండెలను పరీక్షించిన నిపుణులకు, ఎప్పుడో వేసిన స్టెంట్‌లో తీగలు ఇంకా కప్పబడకుండా కనిపించాయి. కొందరిలో పూతలోని పాలిమర్‌కే వాపు వచ్చింది. 2006లో బార్సిలోనాలో జరిగిన యూరప్ గుండె వైద్యుల మహాసభలో ఈ విషయం మీద పెద్ద చర్చ జరిగింది. ఆ తరువాత పూతలను మెరుగుపరిచారు. మందు విడిచాక శరీరంలో కరిగిపోయే పాలిమర్లు వచ్చాయి, తీగలు సన్నబడ్డాయి. ఇప్పటి స్టెంట్లు మొదటివాటికంటే సురక్షితమైనవి.

అయినా, తీగల మీద అస్తరు పూర్తిగా పట్టేవరకు రక్తం గడ్డకట్టకుండా కాపాడేది మాత్రలే. సాధారణంగా ఆస్పిరిన్‌తో పాటు క్లోపిడోగ్రెల్, టికాగ్రెలార్, ప్రసుగ్రెల్‌లలో ఒకటి ఇస్తారు. గుండెపోటు వచ్చి స్టెంట్ వేసినవారికి మామూలుగా ఒక సంవత్సరం, మిగతావారికి సుమారు ఆరు నెలలు రెండు మాత్రలూ ఇవ్వడం వాడుక. రక్తస్రావం భయం ఉన్నవారికి తగ్గిస్తారు, కొందరికి పెంచుతారు. అది గుండె డాక్టర్ నిర్ణయం.

ఇక్కడ మా సొంత పొరపాటు ఒకటి చెప్పాలి. స్టెంట్ వేయించుకుని వచ్చి మా దగ్గర బి.పి. చూపించుకునే ఒకాయన ఉండేవారు. నాలుగో నెలలో పన్ను పీకించుకోవాలని, రక్తం ఆగదేమోనన్న భయంతో, పక్కింటివారి సలహా విని రెండు మాత్రలూ వారం రోజులు మానేశారు. ఆరో రోజు తెల్లవారుజామున ఛాతీ నొప్పితో ఆయనను ఆటోలో తీసుకువచ్చారు. స్టెంట్‌లో రక్తం గడ్డకట్టింది. పెద్ద ఆసుపత్రికి పంపాము, ప్రాణం దక్కింది. గుండె మాత్రం బలహీనపడింది. ఇప్పుడు నాలుగు మెట్లు ఎక్కితే ఆయాసం. "మాత్రలు మానకూడదని మీకు చెప్పలేదా?" అని అడిగితే ఆయన భార్య, "చెప్పారమ్మా, గబగబా చెప్పారు. ఎందుకు మానకూడదో చెప్పలేదు" అన్నారు. ఆ మాట మాకు బాగా తగిలింది. వచ్చినప్పుడల్లా బి.పి. రాసి పంపాము, మందుల చీటీ చూశాము, కాని తీగలు ఇంకా కప్పబడలేదన్న ఒక్క సంగతి ఆయనకు అర్థమయ్యేలా ఎవరమూ చెప్పలేదు. అప్పటి నుంచి మేము చెప్పి ఊరుకోవడం లేదు. రోగిచేత, ఇంటివారిచేత కూడా తిరిగి చెప్పించుకుంటున్నాము.

అంటుకోవాలని కోరుకునే చోట

ఇంతవరకు అంటకూడని చోట్ల గురించి చెప్పాము. కంటిలో శుక్లాల ఆపరేషన్ తరువాత పెట్టే లెన్సు సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. రెండవ ప్రపంచ యుద్ధంలో పైలట్ల కళ్ళలో గుచ్చుకున్న విమానపు అద్దం ముక్కలు, అనగా యాక్రిలిక్ పాలిమర్ ముక్కలు, కంటిలో వాపు తేవడం లేదని లండన్ డాక్టర్ హెరాల్డ్ రిడ్లీ గమనించారు. 1949లో ఆ పదార్థంతోనే మొదటి లెన్సు అమర్చారు. తరువాత తెలిసిన చిక్కు ఏమిటంటే, ఆపరేషన్‌లో మిగిలిపోయిన కొన్ని కణాలు లెన్సు వెనక్కి పాకి మళ్ళీ చూపును మసక చేస్తాయి. లెన్సు అంచును పదునైన మలుపుగా చేయడం, వెనుక పొరకు బాగా అంటుకునే యాక్రిలిక్ వాడటం వలన కణాలకు పాకే సందు తగ్గింది. అయినా కొందరికి మసక వస్తుంది. దాన్ని చూసి "ఆపరేషన్ చెడిపోయింది" అనుకోవద్దు. యాగ్ లేజర్‌తో కొద్ది నిమిషాల్లో సరిచేస్తారు.

ప్రయోగశాలలో కణాలను పెంచే ప్లాస్టిక్ పళ్ళేలకు కూడా ఇదే సూత్రం. మామూలు పాలిస్టైరీన్ నీటిని దగ్గరకు రానివ్వదు, దాని మీద కణాలు సరిగా నిలవవు. విద్యుత్ ప్రక్రియతో దాని ఉపరితలాన్ని మార్చిన తరువాతే నిలుస్తాయి. జపాన్ శాస్త్రవేత్త తెరువో ఒకానో బృందం 1990లో ఇంకొక అడుగు వేసింది. సుమారు 32 డిగ్రీల సెల్సియస్ దగ్గర స్వభావం మారే పాలిమర్‌ను పళ్ళెం మీద పూసింది. శరీర ఉష్ణోగ్రత 37 డిగ్రీల దగ్గర కణాలు దానికి అంటుకుని పెరుగుతాయి. పళ్ళెం చల్లబరిస్తే ఆ పాలిమర్ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది, కణాలన్నీ ఒక్క పొరగా, చిరగకుండా ఊడివస్తాయి. కత్తి అక్కరలేదు, కణాలను విడదీసే రసాయనం అక్కరలేదు. నల్లగుడ్డు పైపొర దెబ్బతిన్న నలుగురికి వారి నోటి లోపలి పొర నుంచి పెంచిన ఇటువంటి కణాల పొరలను అమర్చి, చూపు మెరుగుపడిందని 2004లో జపాన్ వైద్యులు ప్రకటించారు.

సున్నం పడి, యాసిడ్ పడి కళ్ళు కాలినవారికి కంటి మూలకణాలను పెంచి అమర్చే పని మన హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో 2001 నుంచి జరిగింది. అక్కడ కణాలకు పరుపుగా వాడింది పాలిమర్ కాదు, కాన్పు తరువాత దొరికే ఉమ్మనీటి సంచి పొర. కాన్పు గదిలో మేము పారవేసే ఆ పొర మీద కంటి కణాలు చక్కగా అంటుకుని పెరుగుతాయని తెలిసినప్పుడు మా నర్సులందరికీ ఆశ్చర్యం వేసింది.

మీరు చేయవలసినవి

మూత్రం గొట్టంతో ఇంటికి వెళ్ళినవారి ఇంటివారు ఈ క్రింది సంగతులు గుర్తుంచుకోండి.

1. గొట్టాన్ని, బ్యాగును ముట్టుకునే ముందు, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

2. బ్యాగు ఎప్పుడూ పొత్తికడుపు కంటే కింద ఉండాలి, నేలకు మాత్రం తగలకూడదు. రోగిని మంచం మార్చేటప్పుడు బ్యాగును కడుపు మీద పెట్టవద్దు. మూత్రం వెనక్కి పోతుంది.

3. బ్యాగు సగం దాటి నిండగానే కింది కొళాయి తిప్పి ఖాళీ చేయండి. గొట్టాన్ని బ్యాగు నుంచి ఊడదీయవద్దు.

4. రోజూ స్నానంలో గొట్టం బయటికి వచ్చేచోట సబ్బు నీటితో కడగండి. పౌడరు, పసుపు, నూనె పెట్టవద్దు.

5. గుండె, కిడ్నీ జబ్బు వలన నీళ్ళు తగ్గించమని చెప్పనివారు బాగా నీళ్ళు త్రాగాలి.

6. మూత్రం కొంచెం మసకగా ఉందని, వాసన వచ్చిందని మందుల షాపులో యాంటీబయాటిక్ కొని వాడవద్దు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, రక్తం, కొన్ని గంటలుగా మూత్రం రాకపోవడం, వృద్ధులు ఉన్నట్టుండి తికమకగా మాట్లాడటం కనిపిస్తే వెంటనే తీసుకురండి.

7. గొట్టాన్ని ఎప్పుడూ లాగవద్దు. లోపల బెలూన్ ఉంటుంది.

8. తీసివేసే తేదీ రాయించుకోండి. ఆ తేదీ దాటనివ్వద్దు.

స్టెంట్ ఉన్నవారు ఇవి పాటించాలి.

1. స్టెంట్ కార్డును, మందుల చీటీని ఎప్పుడూ జేబులో ఉంచుకోండి.

2. గుండె డాక్టర్‌ను అడగకుండా ఏ మాత్రనూ ఒక్క రోజు కూడా మానవద్దు. పన్ను పీకించుకోవాలన్నా, వేరే ఆపరేషన్ అన్నా ముందు ఆ డాక్టర్‌కు స్టెంట్ సంగతి చెప్పండి.

3. మాత్రలు ఇంకా వారానికి సరిపడా ఉండగానే మళ్ళీ కొనండి. పెళ్ళికి, ఊరికి వెళ్ళేటప్పుడు వెంట తీసుకువెళ్ళండి.

4. కడుపులో మంట, నల్లని విరేచనం, ఆగని రక్తం ఉంటే మీకు మీరే మాత్రలు మానకుండా ఆసుపత్రికి రండి. ఛాతీ నొప్పి, చెమటలు, ఆయాసం వస్తే తెల్లవారే వరకు ఆగకండి, వెంటనే 108కి ఫోన్ చేయండి.

చివరగా ఆ పెద్దాయన సంగతి. కొడుకుకు ఈ విషయాలన్నీ కూర్చోబెట్టి చెప్పాము. అతను ఊరికే వినలేదు, "మరి రాత్రి అమ్మ ఏం చేయాలి?" అని గట్టిగానే అడిగాడు. న్యాయమైన ప్రశ్న. మరునాడు గొట్టం తీసివేశాము. మంచం మీదే మూత్రం పట్టే సీసా ఎలా వాడాలో ఆమెకు వార్డులోనే రెండు రాత్రులు మా నైట్ డ్యూటీ సిస్టర్లు చేయించి చూపించారు. లేపనవసరం లేదు, పక్కకు తిప్పితే చాలు. నెల తరువాత పెద్దాయన వాకర్ పట్టుకుని ఓ.పి.కి నడిచి వచ్చారు. జ్వరం రాలేదు. ఖరీదైన గొట్టం కొనడానికి తెచ్చిన డబ్బుతో కొడుకు ఇంట్లో స్నానాల గది గోడకు పట్టుకునే కమ్మీలు వేయించాడట.

మంచి పూతలు వచ్చాయి, ఇంకా మంచివి వస్తాయి. వాటిని సంతోషంగా వాడుకుందాం. గొట్టం తీసే తేదీ, మింగవలసిన మాత్ర, కడుక్కోవలసిన చేతులు మాత్రం మన బాధ్యతగానే ఉంచుకుందాం.